పన్నెండు మైళ్ళు

లారీ కనపడకముందే లైల్‌కు వినపడింది. మూడో గేరు నుంచి రెండుకు దింపేటప్పుడు నెరేయా ఇంజన్ని ఏడిపించదు. ఆ తీరు వినే వచ్చింది ఆమేనని పోల్చుకుని, కాఫీ గ్లాసు పికప్ బండిలోనే పెట్టి కిందికి దిగాడు. వంతెనకు ఇవతల కంకర జాగాలో లారీ వచ్చి ఆగింది. గాలి బ్రేకు బుస్సుమంది. గడ్డి వాసన ముందు వచ్చింది, దుమ్ము ఆ తర్వాత వచ్చింది.

"ఆలస్యమైంది," అన్నాడు లైల్.

"జుంటూరా దగ్గర ఆవులు. రోడ్డు మధ్య పడుకుని నెమరేస్తున్నాయి. హారన్ కొడితే నా వంక ఓసారి చూసి మళ్ళీ నమలడం మొదలుపెట్టాయి. అచ్చం మా మేనత్తలే." నెరేయా దిగి నడుం విరుచుకుంది. పొట్టి మనిషి, ఇరవై ఏళ్ళది. తెల్లవారకముందే బర్న్స్‌లో బయల్దేరి, రెండు కనుమలు ఎక్కి దిగి, నది పక్కన మెలికల దారిలో జోడు ట్రైలర్ల గడ్డి దిమ్మల్ని ఒరగకుండా నూట ముప్పై మైళ్ళు తెచ్చింది. గడ్డి చేర్చాల్సిన డెయిరీకి ఇంకా పన్నెండు మైళ్ళు ఉంది. అంతా చదును రోడ్డు, రెండే మలుపులు. ఆ పన్నెండు మైళ్ళు మాత్రం ఆమె తోలకూడదు.

వంతెనకు ఇవతల ఆరెగాన్, అవతల ఐడహో. ఇరవై ఒకటి నిండనివాళ్ళు సొంత రాష్ట్రంలో ఎంత పెద్ద లారీ అయినా తోలుకోవచ్చు గానీ రాష్ట్రం దాటించకూడదని చట్టం. నెరేయాకు ఇరవై ఒకటి నిండేది జనవరి తొమ్మిదిన. ఇప్పుడింకా ఆగస్టు చివర. ఇలాంటి వాళ్ళ కోసం మా లోయలో ఏళ్ళ తరబడి ఒక పద్ధతి నడుస్తోంది. పిల్ల డ్రైవరు వంతెన దాకా తెస్తే, పెద్ద డ్రైవరు ఒకడు అక్కడ కాచుకుని ఉండి అవతలికి దాటిస్తాడు. సరుకు దించాక ఖాళీ బండిని మళ్ళీ వంతెన దాకా తెచ్చి అప్పగిస్తాడు. ఏనుగు వెళ్ళి తోక చిక్కినట్టు ఉందని నవ్వుకుంటాం. నవ్వుకున్నా, చట్టం తప్పకుండా బతుకుతున్నామని లోపల కాస్త గొప్పగానే ఉంటుంది మాకు.

నెరేయా చెక్క దుడ్డుతో చక్రం చక్రాన్నీ కొట్టి చప్పుడు విన్నది. పట్టీలు లాగి చూసింది. తర్వాత బకెట్లో నీళ్ళు తీసుకుని, మెట్టెక్కి ముందు అద్దాన్ని తుడవడం మొదలుపెట్టింది. ఒకసారి తుడిచి, గుడ్డ పిండి, మళ్ళీ తుడిచింది. ఏప్రిల్‌కు ముందు ఆమెకు ఈ అలవాటు లేదు. లైల్ ఎందుకని అడగలేదు.

సీటు వెనక్కి జరుపుకుని కూర్చున్నాడు. ఆమె అటుపక్క ఎక్కింది. వంతెన మీదికి ఎక్కగానే ఆమె మాటలు మొదలయ్యాయి.

"ఆ ఎర్ర కారాయనకి తొందరగా ఉన్నట్టుంది. ముందుకి దూరతాడు చూడు. దూరాడు. వెళ్ళు నాయనా, నీ పెళ్ళి ముహూర్తం దాటిపోతోంది. ఆ బీట్‌రూట్ ట్రాక్టరు ఎంత నెమ్మదో చూశావా పెద్దాయనా, పక్కకి కూడా జరగడు. ఇంకో రెండొందల గజాలు వీడి వెనకే మనం."

వినేవాడికి వాగుడుకాయ పిల్ల అనిపిస్తుంది. బర్న్స్ నుంచి వచ్చేటప్పుడు ఒక్కతే కూర్చుని పెదవి విప్పని మనిషని లైల్‌కు తెలుసు. ఆ ఎర్ర కారు అతనికి కనపడలేదు. ట్రాక్టరు కూడా ఆమె చెప్పాకే కనపడింది. అతని చూపుకు సరిగ్గా నడిమధ్య, కంటి ముందు బొటనవేలు అడ్డం పెట్టినట్టు ఒక మసక మరక. చుట్టూ అంతా బాగానే ఉంటుంది. పొలం కనపడుతుంది, ఆకాశం కనపడుతుంది, రోడ్డు అంచున తెల్లగీత కనపడుతుంది. దేని వంక చూస్తే అదే మాయమవుతుంది. మనిషి ముఖం చూడాలంటే చెవి వంక చూడాలి. ఇది తగ్గేది కాదు, ముదిరేదేనని బోయిసీలో కంటి డాక్టరు చెప్పి పంపాడు. నిరుడు నవంబరులో లారీ తోలడానికి తగినవాడని మెడికల్ కార్డు రాసిచ్చిన రోజున మరక ఇంకా బియ్యపు గింజంతే. ఆ కార్డు ఈ నవంబరు దాకా చెల్లుతుంది.

ఏప్రిల్‌లో అతను తాళం పట్టుకుని కోనీ దగ్గరికి వెళ్ళాడు. లారీలు ఆమెవి, ఆమె మొగుడు పోయాక ఆమే నడుపుతోంది. చెడ్డ మనిషి కాదు. "అరవై ఎనిమిది వచ్చాయి కోనీ, చాలించుకుంటాను," అన్నాడు. కంటి మాట ఎత్తలేదు. కోనీ కాగితాల మీంచి తల ఎత్తకుండానే, "సరే. పన్నెండు మైళ్ళ కోసం ఇంకొకడు దొరకడు. నెరేయాని మళ్ళీ గడ్డి యార్డులోకి పంపేస్తాను," అంది. ఆ పిల్ల రెండేళ్ళు యార్డులో కొక్కేలతో దిమ్మలు లాగి, సంపాదించిందంతా పోసి లైసెన్సు తెచ్చుకుంది. లైల్ తాళం తిరిగి జేబులో వేసుకుని వచ్చేశాడు.

మంగళవారం నుంచి వంతెన మీద మరమ్మతు పెట్టారు. ఒకవైపు తవ్వేసి, మిగిలిన ఒక్క వరసలోంచే అటువాళ్ళనీ ఇటువాళ్ళనీ వంతులు పెట్టి వదులుతున్నారు. అడవి ఎక్కడో అంటుకుని ఆకాశమంతా పొగ కమ్మి ఉంది. నెరేయా పొద్దున్నుంచి ఏమీ తినలేదు. మామూలుగా జుంటూరాలో ఆగి తింటుంది. ఆ రోజు మాత్రం ముందు రోజు ఆలస్యాన్ని పూడ్చుకుందామని ఆగకుండా వచ్చింది. అద్దం తుడిచి, పక్క సీట్లో కూర్చుని, కాగితం విప్పి రొట్టె కొరికింది.

వంతెన ఎక్కారు. పసుపు డబ్బాలు ఒకవైపు వరసగా పోతున్నాయి, వాటి అంచు లైల్‌కు బాగానే కనపడుతోంది. ముందు దారి ఖాళీగా ఉన్నట్టే ఉంది. రెండో గేరులో మెల్లగా పోతున్నాడు. పక్కన మాటల్లేవు. మాటల్లేవంటే అడ్డమేమీ లేనట్టేనని ఈ నాలుగు నెలల్లో అలవాటయింది.

"ఆపు," అంది నెరేయా. నోట్లో రొట్టె ముక్క అడ్డంపడి మాట సగమే వచ్చింది. రెండోసారి అరిచింది.

లైల్ బ్రేకు మీద నిలబడ్డాడు. ముప్పై టన్నులు వెనకనుంచి తోసుకొచ్చి, ట్రైలర్లు కీచుమని మూలిగి, బండి నిలిచింది. ముందు ఏమీ లేదు. అతను డబ్బాల వంక చూపు తిప్పాడు. అప్పుడు కనపడింది. ఇంజన్ మూతికి బారెడు దూరంలో, నారింజ చొక్కా వేసుకున్న అమ్మాయి. చేతిలో కర్రకి బిగించిన పలక, బండ్లని ఆపే ఎర్ర వైపు ఇటే తిరిగి ఉంది. ఆమె వెనక్కి కూడా జరగలేదు.

కాసేపటికి వచ్చి అతని పక్క తలుపు మీద పలకతో కొట్టింది. "ఎటు చూస్తున్నావు ముసలాయనా? ఇంత పలక కనపడలేదా నీకు?"

"పొగ," అన్నాడు లైల్.

"పొగ నాకూ ఉంది. నాకు ఇంటి దగ్గర పిల్లాడున్నాడు."

"తప్పు నాది," అన్నాడు. ఆమె వెనక్కి వెళ్ళి పలక తిప్పింది. డెయిరీ చేరే దాకా ఎదురొచ్చే బండ్ల సంగతే నెరేయా చెప్పింది, ఇంకేమీ కలపకుండా. "కారు. లారీ. ఎవరూ లేరు. కుడివైపు సైకిల్." మిగిలిన రొట్టె కాగితంలోనే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ ముచ్చట్లలో చుట్టి చెప్పిన మాటల్ని ఆమె ఇలా విప్పి చెబుతుంటే, లైల్‌కు బట్టలు విప్పి నిలబెట్టినట్టు సిగ్గేసింది.

బుధవారం డెయిరీలో గడ్డి దించుతుంటే ఇద్దరూ నీడపట్టున నిలబడ్డారు. దిమ్మల్ని పట్టుకునే యంత్రం ఎనిమిదేసి చొప్పున అదిమి ఎత్తి షెడ్డులోకి తీసుకుపోతోంది. లైల్ చాలాసేపు తన చేతి తొడుగులు ఒకదానితో ఒకటి దులుపుకున్నాడు.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

నెరేయా తెలియనట్టు నటించలేదు. "ఏప్రిల్ నుంచి. పెట్రోలు బంకులో నువ్వు ధర చదవడానికి పక్కకి తిరిగి నిలబడ్డావు. మా అమ్మమ్మ అలాగే చూసేది."

"రేపు కోనీకి చెప్పేస్తాను."

"చెప్పు. చెప్పి ఇంటికెళ్ళి పడుకో. నేను యార్డుకెళ్ళి దిమ్మలు లాగుతాను. అక్కడివాళ్ళు నన్ను చూసి ఏమంటారో తెలుసా? మహారాణీ, రాజ్యం ముగిసిందా అంటారు. అనకముందే వినపడుతోంది నాకు."

"ఆ పిల్లని చంపేసేవాణ్ణి నెరేయా."

"చంపలేదుగా. నేను చెప్పాను, నువ్వు ఆపావు. నాదే తప్పు, తింటూ కూర్చున్నాను. ఇంకెప్పుడూ ఇక్కడ తినను." ఆమె అతని చెయ్యి పట్టుకుంది. ఆమె అరచెయ్యి మొద్దుగా, కాయలు కాసి ఉంది. "నాలుగున్నర నెలలు పెద్దాయనా. నవంబరులో కార్డు అయిపోతే అప్పుడు చూద్దాం. నా కళ్ళు నీకిస్తాను, పన్నెండు మైళ్ళకి. అంతకంటే ఏం అడుగుతున్నాను?"

లైల్ ఆమె చెవి వంక చూశాడు. ముఖం కనపడింది. బతిమాలే ముఖం కాదు, లెక్క సరిపోయిందని నమ్మేసిన ముఖం. ఇరవై ఏళ్ళ పిల్ల, ఈగను కూడా తోలుతుందే గానీ చంపని పిల్ల, మనిషి ప్రాణాన్ని నాలుగున్నర నెలలకి బేరం పెడుతోంది. ఆ బేరం నేర్పింది తనేనని తెలుస్తూనే ఉంది. అయినా చెబుతాననీ అనలేదు, చెప్పననీ అనలేదు. అలసిపోయి ఉన్నాడు. యంత్రంవాడు చెయ్యి ఊపితే వెళ్ళి కాగితం మీద సంతకం పెట్టాడు.

గురువారం అతను వంతెన దాటి కంకర జాగాకు వచ్చేసరికి అక్కడ ఒక తెల్ల బండి ఆగి ఉంది. రాష్ట్రం తరపున లారీలు ఆపి చూసే ఇన్‌స్పెక్టరు, వంతెన దగ్గర ఎలాగూ అందరూ ఆగుతున్నారు కదా అని మకాం పెట్టాడు. సన్నటి మనిషి, ఎండకి ముక్కు పొక్కులెక్కి ఉంది. నెరేయా వచ్చి దిగడం, దుడ్డుతో చక్రాలు కొట్టడం, అద్దం తుడిచి పక్క సీటు వైపు ఎక్కబోవడం అంతా చూసి దగ్గరికి వచ్చాడు.

"డ్రైవర్లు మారుతున్నారేంటండీ?"

నెరేయాయే చెప్పింది, కొంచెం ఛాతీ విరుచుకునే చెప్పింది. "నాకు ఇరవయ్యే. అందుకని వంతెన దాటించను. ఇక్కణ్ణుంచి ఆయన తోలతాడు. రోజూ ఇంతే. ఇంతవరకూ ఒక్కసారి కూడా దాటలేదు."

అతను నవ్వలేదు. కాగితాలు అడిగి తీసుకుని, బానెట్ మీద పరిచి చదివాడు.

"ఈ గడ్డి బర్న్స్‌లో ఎక్కించినప్పుడే ఐడహో డెయిరీకని రాసుంది కదా?"

"అవును."

"అయితే అమ్మాయ్, నువ్వు బర్న్స్‌లో స్టీరింగు పట్టుకున్నప్పుడే తప్పు జరిగిపోయింది. బండి ఎక్కడుందని కాదు చూసేది. సరుకు ఎక్కడికి పోతోందని. రాష్ట్రం దాటే సరుకుని ఇరవై ఒకటి నిండనివాళ్ళు అసలు ముట్టుకోకూడదు, మొదటి మైలు అయినా, చివరి మైలు అయినా."

నెరేయా అతని వంకా, వంతెన వంకా చూసింది. "నేను దాటించలేదు," అంది మళ్ళీ.

"అర్థమైంది. ఈ లోయలో అందరూ ఇలాగే అనుకుంటారు. ఈ నెలలో నువ్వు మూడోదానివి." అతని గొంతులో కోపం లేదు, అదే విషయం చెప్పి చెప్పి వచ్చిన విసుగు ఉంది. "ఖాళీ బండి వెనక్కి తేవడం కూడా అంతే. ఈ రోజు నువ్వింక తోలకూడదు. కాగితం రాస్తాను, కంపెనీకి వెళ్తుంది."

లైల్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు. నాలుగు నెలలుగా చూపు లేని కళ్ళతో తను లాక్కొచ్చిన ఆ పన్నెండు మైళ్ళు, చట్టం దృష్టిలో ఎవరినీ ఏమీ కాపాడలేదు. ఆ నారింజ చొక్కా పిల్లని తొక్కేసి ఉంటే, అది ఎందుకూ కొరగాని దానికి జరిగి ఉండేది.

కోనీకి ఫోన్ చేసి స్పీకరులో పెట్టారు. ఆమె అంతా విని, ఒక నిట్టూర్పు విడిచింది. కోనీ ఎప్పుడూ పనికి అడ్డం పడేదాన్ని పక్కకి జరిపి దారి చూసే మనిషే.

"లైల్ కాగితాలు సరిగ్గానే ఉన్నాయా?" అని ఇన్‌స్పెక్టరుని అడిగింది.

"ఉన్నాయండీ. లైసెన్సు ఉంది, మెడికల్ కార్డు నవంబరు దాకా ఉంది."

"అయితే ఇంకేం. లైల్, ఈ లోడు నువ్వే చేర్చు. రేపట్నుంచి బర్న్స్ నుంచి మొత్తం నువ్వే తోలు. నెరేయా పక్కన కూర్చుంటుంది, పట్టీలకీ దించడానికీ సాయంగా. ఇద్దరి జీతాల్లో తేడా రాదు. నవంబరులో నీ కార్డు మళ్ళీ రాయిద్దాం. జనవరి రాగానే బండి ఆమెకిచ్చెయ్. ఎవరికీ నష్టం లేదు కదా?"

నెరేయా ముఖంలోకి రక్తం తిరిగి వచ్చింది. అతని పక్కకి జరిగి, ఇన్‌స్పెక్టరుకి వినపడకుండా అంది. "నేను పక్కనే ఉంటాను. కనుమల్లో ప్రతి మెలికా నాకు కంఠతా వచ్చు. కళ్ళు మూసుకుని చెప్పగలను."

"సరే అయితే," అన్నాడు ఇన్‌స్పెక్టరు. నెరేయా చేతిలోంచి తాళం తీసుకుని లైల్ వైపు చాచాడు. "ఈ బండిని కదిలించే హక్కు ఇక్కడ మీ ఒక్కరికే ఉందండీ."

తాళం లైల్‌కు కనపడలేదు. దాని చుట్టూ ఉన్న వేళ్ళు కనపడ్డాయి. చెయ్యి చాచి తీసుకోవచ్చు. తీసుకుంటే పిల్లకు నాలుగున్నర నెలలు గడిచిపోతాయి. కనుమలు, నది పక్క మెలికలు, దారిలో పడుకునే ఆవులు. వంతెన మీద ఆ పిల్ల.

"నాకు కనపడదు," అన్నాడు.

"ఏది కనపడదండీ?"

"చూసింది ఏదీ కనపడదు. మంగళవారం ఆ వంతెన మీద ఒకమ్మాయిని తొక్కేయబోయాను."

ఇన్‌స్పెక్టరు కార్డు మళ్ళీ తిప్పి చూశాడు. "నవంబరు దాకా ఉందే ఇది."

"కార్డు ఉంది. నా కళ్ళే లేవు." ఫోన్లో కోనీ ఏదో అంటోంది. లైల్ ఆ వైపు తిరిగాడు. "ఏప్రిల్‌లోనే చెప్పాల్సింది కోనీ. కంటి సంగతి దాచాను. నెరేయాది ఏమీ లేదు ఇందులో. నేనే దాచాను."

తర్వాత కోనీ, బోయిసీ నుంచి ఎవరినైనా పంపుతానంది, సాయంత్రం అవుతుందంది. నెరేయా గురించి ఏమీ అనలేదు. అనాల్సిన పని లేదు, ఇక యార్డేనని అందరికీ తెలుసు. ఇన్‌స్పెక్టరు తాళం తన జేబులోనే వేసుకుని, ఇంకో కాగితం తీసి రాయడం మొదలుపెట్టాడు.

నెరేయా లారీ మెట్టు మీద కూర్చుంది. ఏడవలేదు. "నోరు మూసుకోలేకపోయావా," అంది. "ఒక్క నోరు. ఇన్నాళ్ళు మూసుకున్నావుగా."

"మూసుకున్నాను."

"నీకేం. ఇంటికెళ్ళి కూర్చుంటావు."

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. లైల్ పికప్ బండి వైపు రెండడుగులు వేసి ఆగిపోయాడు. ఇప్పుడే అంతా చెప్పేసి, ఇన్‌స్పెక్టరు కళ్ళెదుటే స్టీరింగు ముందు ఎలా కూర్చుంటాడు? అతని ఇల్లు వంతెనకు అవతల ఆరు మైళ్ళు. ఎండలో నిలబడ్డాడు. కాసేపటికి నెరేయా లేచి, చొక్కాకి అంటిన గడ్డి దులుపుకుని, చెయ్యి చాచింది.

"ఇలా ఇవ్వు తాళం. చిన్న బండికి చట్టం లేదులే. ఎక్కడికైనా పోనిస్తారు."

ఆమెకు అందేలా సీటు ముందుకు జరపడం రాక ఇద్దరూ తంటాలు పడ్డారు. చివరికి ఆమె వీపు వెనక అతని కోటు మడిచి పెట్టుకుంది. వంతెన ఎక్కేటప్పుడు రెండు చేతులతో స్టీరింగు పట్టుకుంది, పెద్ద లారీ తోలుతున్నట్టే. నడిమధ్యలో వాళ్ళ వంతు కాక ఆగాల్సి వచ్చింది. ఇంజన్ ఆపేసింది. కింద నది చప్పుడు వినపడింది.

"ఆ పిల్ల ఉందా?" అన్నాడు లైల్.

"ఉంది."

"ఎలా ఉంటుంది? నేను సరిగ్గా చూడలేదు."

నెరేయా అద్దంలోంచి ఆ అమ్మాయిని చూస్తూ ఉండిపోయింది.

"నా అంత ఉంటుంది," అంది చివరికి. "చెంప మీద తారు అంటుకుంది. చూసుకోలేదు పాపం. అటునుంచి వచ్చేవాళ్ళకి చెయ్యెత్తుతోంది." అక్కడ ఆపి, మోచేత్తో ముఖం తుడుచుకుంది. "మంగళవారం మనకి కూడా అలాగే ఎత్తింది పెద్దాయనా. నేను రొట్టె తింటున్నాను."

పలక తిరిగింది. నెరేయా ఇంజన్ వేసి, మొదటి గేరులో, నడిచేంత మెల్లగా ఆ అమ్మాయి పక్కనుంచి పోనిచ్చింది.